కూక్కెలి వెనక రెండో మనిషి

ఆర్మస్ తప్పులు చెయ్యడు. నా అనుమానం మొదలైంది అక్కడే.

కాగితం మిల్లు కంప్యూటర్ గదిలో నా ఉద్యోగం మొత్తం గడిచింది. తప్పు చెయ్యని మనిషిని అక్కడ ఒక్కణ్ణి కూడా చూడలేదు. మంచి పనివాడు తప్పు చేసి ఒప్పుకుంటాడు, చెడ్డవాడు చేసి పక్కవాడి మీదకు తోస్తాడు. అసలు తప్పే దొరకనివాడు ఎవడయ్యా అంటే, తన పని మీద ఎవరి కళ్ళూ ఎక్కువసేపు నిలవకూడదని కోరుకునేవాడు. ఇది నా సిద్ధాంతం. మా కంప్యూటర్ క్లబ్బులో కౌకో దీన్ని రోగం అంటాడు. అననీ. బస్సు నడిపి రిటైరైనవాడు, అద్దంలో వెనక్కి చూసుకోవడం ఆయనకీ అలవాటే, నేను కాస్త ఎక్కువసేపు చూస్తాను, అంతే.

విషయానికొస్తాను. మా టాంపెరేలో, మా పేట లైబ్రరీలో, జనం వాడుకునే కంప్యూటర్లన్నీ కూక్కెలి అనే లినక్స్ కూర్పు మీద నడుస్తాయి. లినక్స్ అన్నది ఎవరైనా తీసుకుని, విప్పి చూసి, తమకు కావలసినట్టు మార్చుకోగలిగిన సరుకు. ఒకే రై పిండితో ఎవరింటి రొట్టె వాళ్ళు కాల్చుకున్నట్టు, దాంతో ఎవరి కూర్పు వాళ్ళు తయారుచేసుకోవచ్చు. ప్రపంచంలో అలాంటి కూర్పులు వందల్లో ఉన్నాయి. డెబియన్ లాంటి పెద్ద వాటి వెనక వేలమంది ఉంటారు. కూక్కెలి వెనక ఉన్నది ఓయివా ఒక్కడే. బడిలో భౌతికశాస్త్రం చెప్పేవాడు. మా భవనంలోనే, నా పై అంతస్తులో ఉంటాడు. అడవిలో మనిషి చేతి మీద వాలే ఒక పిట్ట పేరు తన కూర్పుకి పెట్టుకుని, లైబ్రరీకి మొట్టమొదటి కంప్యూటర్లు వచ్చిననాటి నుంచి దాన్ని సాకుతున్నాడు. ఒకప్పుడు బడులు కూడా వాడేవి. ఒక్కొక్కటే వదిలేశాయి. మిగిలింది లైబ్రరీ. లైబ్రరీ కూడా వదిలేస్తే ఓయివా పొద్దున్నే లేచి చెయ్యడానికి ఇంకేమీ ఉండదు. ఇది మా అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనం.

పోయిన వసంతంలో లైబ్రేరియన్ ఇన్కేరి మా క్లబ్బుని కాఫీకి పిలిచింది. ఏలకుల బన్నులు కూడా పెట్టింది. బన్నులు పెట్టిందంటే ఏదో మోయలేని బరువు మన నెత్తికెత్తబోతోందని నేను ముందే అనుకున్నాను.

"పాత కంప్యూటర్లన్నీ తీసేస్తున్నామండీ. కొత్తవాటిలో ఏ కూర్పు పెట్టాలో మీరే చెప్పాలి. డెబియనో, మింటో, మన కూక్కెలో. ఏదైనా సరే కానీ ఒక్క షరతు. దాని వెనక కనీసం ఇద్దరుండాలి. ఒకరు లేకపోయినా రెండోవాళ్ళు అప్‌డేట్లు పంపగలగాలి. ఓయివా గారూ, తప్పుగా అనుకోకండి, రేపు మీకు ఏమైనా..."

"ఆయనకేమవుతుందమ్మా!" అన్నాడు కౌకో. "బస్సు గుద్దినా బస్సే షెడ్డుకి పోతుంది. నేను నడిపినవాణ్ణి, నాకు తెలుసు."

అందరం నవ్వాం. ఓయివా నవ్వలేదు. బన్ను మీది పంచదార పలుకులు ఒక్కొక్కటే తీసి పళ్ళెం అంచున పెడుతూ కూర్చున్నాడు.

మూడింటినీ పరిశీలించి చెప్పే పని నాకు అప్పగించారు. "హిల్కా అయితే తన నీడని కూడా గుర్తింపు కార్డు అడుగుతుంది" అన్నాడు కౌకో. దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

వేసవి మధ్యలో ఆర్మస్ ఈమెయిల్లో ఊడిపడ్డాడు. ఉత్తరాన ఇనారిలో ఉంటాడట. కూక్కెలి తనకు చాలా నచ్చిందట, చేతనైన సాయం చేస్తాడట. ఎన్నో ఏళ్ళుగా ఓయివా వాయిదా వేస్తూ వచ్చిన చిక్కులన్నీ ఒకటొకటే విప్పడం మొదలుపెట్టాడు. ప్రింటర్ గొడవ తీరింది. తెర మీద అక్షరాలు ముసలివాళ్ళకు పెద్దగా కనబడటం మొదలైంది. ఓయివా ముఖంలో కూడా వెలుగు వచ్చింది, మెట్ల మీద ఈల వేస్తూ దిగేవాడు.

నాకు ఆ ఈల నచ్చలేదు. ఇలాంటి కథ మా వాళ్ళందరికీ తెలిసిందే: అలిసిపోయిన ఒంటరి మనిషి, ఎక్కడినుంచో వచ్చి ఓపిగ్గా చాకిరీ చేసే అపరిచితుడు, కొన్నాళ్ళకు చేతికిచ్చిన తాళంచెవి, ఆ తరవాత అందరి ఇళ్ళలో దొంగతనం. ఆర్మస్ రాసిన కోడు ప్రతి లైనూ చదివాను. భోజనం మానేసి చదివాను. ఎక్కడా మచ్చ లేదు. దాంతో నా అనుమానం ఇంకా బలపడింది.

"ఆయన గొంతు విన్నావా ఎప్పుడైనా?" అని ఓయివాని నిలదీశాను, చెత్తడబ్బాల దగ్గర.

"వినికిడి తక్కువట. ఫోను ఇష్టపడడు."

"ముఖం?"

"అంత అందగాడు కాదులే."

"వేళాకోళం వద్దు ఓయివా. కూక్కెలి తాళాలు వాడికిచ్చావా లేదా?"

"ఇచ్చాను. ఇవ్వకపోతే రెండో మనిషి ఎలా అవుతాడు?" కోపంతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "చూడు హిల్కా, ఆర్మస్‌ని అనుమానిస్తే నన్ను అనుమానించినట్టే. ఆ మాట గుర్తుపెట్టుకో."

సరే, నేరుగా ఆర్మస్‌కే రాశాను. వెంటనే మర్యాదగా జవాబిచ్చాడు. మీ ఊళ్ళో చెరువు గడ్డకట్టిందా అని అడిగాను, ఊరికే అడిగినట్టు. అంచుల్లో కట్టింది, మధ్యలో ఇంకా లేదు అన్నాడు. పత్రికలో చూశాను, నిజమే. అయితే మాత్రం? వాడూ పత్రిక చూస్తాడుగా.

ఇక మా వాళ్ళ ఆచారం ఒకటుంది, దాన్నే పట్టుకున్నాను. మాలో ప్రతివాళ్ళకూ ఒక డిజిటల్ ముద్ర ఉంటుంది. ఆ ముద్రతో వచ్చిన పనినే నమ్ముతాం. మరి ఆ ముద్ర ఫలానా మనిషిదేనని ఎలా తెలుస్తుంది? ఎదురెదురుగా కూర్చుని, పాస్‌పోర్టు చూసి, ముఖం చూసి, ముద్ర అంకెలు పైకి చదివించి, అప్పుడు దాని మీద మన ముద్ర సాక్షిగా వేస్తాం. ఇరవై ఏళ్ళ స్నేహితుడైనా సరే, పాస్‌పోర్టు తియ్యాల్సిందే. కౌకో అయితే సొంత చెల్లెలి మొగుణ్ణే పాస్‌పోర్టు గడువు తీరిందని వెనక్కి పంపాడు. ఆ క్రిస్మస్‌కి చెల్లెలు భోజనానికి పిలవలేదు.

ఆర్మస్ ముద్ర మీద సాక్షి ఒక్కడే ఉన్నాడు. ఓయివా.

"నువ్వు చూశావా పాస్‌పోర్టు?" అని అడిగాను.

"చూశాను. ఉత్తరాదికి వెళ్ళినప్పుడు."

"ఎప్పుడు వెళ్ళావు?"

"నీకు చెప్పి వెళ్ళాలా?"

లైబ్రరీకి వచ్చి నాకూ ముఖం చూపించి వెళ్ళమని ఆర్మస్‌కి రాశాను. రెయిన్‌డీర్లను కొండల మీదినుంచి దింపి లెక్కచూసే కాలం, కదల్లేను అన్నాడు. ఆ తరవాత రండి అన్నాను. ఆ తరవాత మోకాలు నొప్పి అన్నాడు. ఓయివాకి కూడా మోకాలు నొప్పే. నేను ఎంతటి అనుమానపు దాన్నైనా, ఆ మోకాలి దగ్గర ఆగలేదు చూడండి. మా వయసులో మోకాలు నొప్పి లేనిదెవరికి?

శరత్కాలం చివర్లో మా భవనం ఆవిరి స్నానాల గదిలో, అదే సౌనాలో, పొయ్యి పాడైంది. మా భవనానికంతా నేలమాళిగలో ఒక్కటే సౌనా, ఇంటికొక గంట. వంతు అంటే వంతే. పెళ్ళిళ్ళు తప్పుతాయి గానీ సౌనా వంతు తప్పదు. ఓయివాది గురువారం సాయంత్రం, ఆ తరవాత గంట నాది. పొయ్యి బాగయ్యాక హౌసింగ్ సొసైటీ వాళ్ళు వంతులన్నీ కలగాపులగం చేసి, మా ఇద్దర్నీ మంగళవారానికి తోశారు.

ఆ మొదటి మంగళవారం నేను బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద కూర్చుని నా వంతు కోసం ఎదురుచూస్తున్నాను. లోపల ఓయివా రాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. ఊరికే కూర్చోలేక ఆర్మస్‌కి ఒక ప్రశ్న పంపాను. జవాబు లేదు. చిటికెలో పలికేవాడు పలకలేదు. ఓయివా ఎర్రగా కందిపోయి బయటికొచ్చాడు, ఆవిరి బాగుందన్నాడు, పైకి వెళ్ళాడు. నేను తువ్వాలు విప్పేలోపు జవాబు వచ్చింది.

స్నానం చేస్తూ కూడా నా బుర్ర ఆగలేదు. ఇంటికెళ్ళి పాత జవాబులన్నీ తిరగేశాను. వేసవి నుంచీ గురువారం సాయంత్రాలు ఆర్మస్ నోరు మెదపలేదు. పొయ్యి పాడైనప్పటి నుంచి గురువారాలు మాట్లాడుతున్నాడు, ఈ మంగళవారం మూగబోయాడు.

టాంపెరేలో పొయ్యి పాడైతే ఇనారిలో మనిషి స్నానం రోజు ఎందుకు మార్చుకుంటాడు?

ముందు నాకు తోచింది ఏమిటో చెబితే నవ్వుతారు. ఆర్మస్ మా భవనంలోనే ఉన్నాడనుకున్నాను! కింద కొత్తగా దిగి, ఎవరినీ పలకరించని ఆ గడ్డపాయన మీద కన్ను వేశాను. ఉత్తరాల పెట్టె దగ్గర నిలబడి నిఘా పెట్టాను. ఆయన వంతు శుక్రవారమని తేలింది. ఇక మిగిలింది ఒక్కటే ఆలోచన. అది నా తలుపు దగ్గరే నిలబడి ఉంది, నేనే లోపలికి రానివ్వడం లేదు.

ఆ తరవాతి మంగళవారం ఓయివా సౌనాలోకి వెళ్ళగానే ఆర్మస్‌కి రాశాను: "కూక్కెలి ముద్ర ఎవరో దొంగిలించారు. లైబ్రరీలో అన్నీ ఆగిపోయాయి. వెంటనే పలకండి." అబద్ధం. నా జీవితంలో పని విషయంలో నేనాడిన ఒకే ఒక్క అబద్ధం.

ఓయివా బయటికొచ్చాడు, స్నానపు గౌను జేబులోంచి ఫోను తీశాడు, చూశాడు. ముఖంలో నెత్తురు లేదు. జుట్టుమీదినుంచి నీళ్ళు కారుతుండగానే, నా వంక చూడకుండా మెట్లెక్కేశాడు. నేను నా వంతు వదులుకుని వెనకే వెళ్ళాను. ఆయన గుమ్మం ముందు నిలబడగానే నా చేతిలో ఫోను కదిలింది. ఆర్మస్. "ఎక్కడ? ఎప్పుడు? నేను చూస్తాను, కంగారుపడకండి."

గంట కొట్టాను. తలుపు తీశాడు. వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచే ఉంది, నా ఉత్తరం దాని తెర మీదే ఉంది. మూసెయ్యడానికి కూడా ప్రయత్నించలేదు.

"ఎవరితో మాట్లాడుతున్నాను? ఓయివాతోనా, ఆర్మస్‌తోనా?" అన్నాను.

"కూర్చో." కుర్చీ లాగాడు. "ముద్ర నిజంగా పోయిందా?"

"పోలేదు."

ఊపిరి వదిలాడు. నా మీద కోపం తెచ్చుకోవడం కూడా మరిచిపోయాడు. "ఇద్దరు కావాలన్నారు కదా" అన్నాడు.

"అందుకని ఇద్దర్ని తయారుచేశావా?"

"ఎంతమందిని అడిగాను హిల్కా! క్లబ్బులో అడిగాను. విశ్వవిద్యాలయంలో కాగితం అంటించాను. ఒకబ్బాయి వచ్చాడు. డెబియన్ ఉండగా ఇదెందుకని నన్నే అడిగి, నా కాఫీ తాగి వెళ్ళిపోయాడు."

"నన్నడగొచ్చుగా."

"మూడింటినీ పరిశీలించడానికి నిన్ను వేశారు. వేశాక అడిగితే లంచం. వెయ్యకముందు అడగాలంటే..." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నువ్వు నా కోడు చదువుతుంటే చూడటం నావల్ల కాదు."

"పాస్‌పోర్టు చూశానని సాక్ష్యం వేశావు. ముఖం చూశానని."

"ముఖం రోజూ చూస్తూనే ఉన్నాను, గడ్డం గీసుకునేటప్పుడు."

నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. మాలో దొంగ ముద్రకు సాక్షి వెయ్యడం కంటే పెద్ద పాపం లేదు, ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. నోటికొచ్చినట్టు తిట్టాను. సిగ్గులేదా అన్నాను, ముసలాడివయ్యాక ఈ బుద్ధేమిటన్నాను. అన్నీ విన్నాడు.

"ఆర్మస్ నాకంటే మంచి పనివాడు, ఒప్పుకుంటావా?" అన్నాడు చివరికి. "నేను నేనుగా కూర్చుంటే నా పాత రాతలు ముట్టబుద్ధి కాదు. వాడుగా కూర్చుంటే నా తప్పులన్నీ కనబడతాయి. ఒకసారి నేను పంపినదాన్ని వాడు తిప్పికొట్టాడు తెలుసా? నాకు నిజంగానే కోపమొచ్చింది. రెండురోజులు మాట్లాడుకోలేదు." ఆయన నవ్వాడు. "పొద్దున లేచి వాడి జవాబు చదువుకుంటూ కాఫీ తాగేవాణ్ణి."

"ఆ జవాబు రాసింది నువ్వే!"

"రాత్రి రాసింది పొద్దున మరిచిపోతాను. ఈ వయసుకి అదొక్కటే లాభం."

నేను కిందికి వచ్చేశాను. ఆ రాత్రి చాలాసేపు నాతో నేనే పోట్లాడుకున్నాను. నిజం చెబితే ఆయన పరువు పోతుంది. దాస్తే నా మాటకు విలువ పోతుంది. ఆఖరికి రెండూ పోని ఒక దారి దొరికిందనుకున్నాను. దొరికిందని నాలో నేనే మురిసిపోయాను కూడా.

డిసెంబరు మొదట్లో లైబ్రరీలో అందరం కూర్చున్నాం. ఇన్కేరి నక్షత్రం ఆకారంలో ప్లమ్ జాము రొట్టెలు పెట్టింది. నేను లేచి చెప్పాను. డెబియన్ నిలకడగా ఉంటుంది. మింట్ కొత్తవాళ్ళకు సులువు. కూక్కెలి కోడు శుభ్రంగా ఉంది, మన ముసలివాళ్ళకు బాగా అమరుతుంది. "కానీ దాని రెండో మనిషిని నేను ముఖాముఖి కలవలేకపోయాను. కలవని మనిషికి నేను హామీ ఇవ్వను." అంతే. ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు.

కౌకో బల్ల చరిచాడు. "నేననుకుంటూనే ఉన్నా! ఇనారి అట, రెయిన్‌డీర్లట! ఏ దేశం వాడో, ఎవడి జీతగాడో! ఓయివా, నిన్ను నిలువునా ముంచేవాడు కదయ్యా!"

"నిజమే. హిల్కా గారు లేకపోతే ఏమయ్యేదో" అంది ఇన్కేరి. ఓయివా చెయ్యి మీద తన చెయ్యి వేసింది. "బాధపడకండి. మీ మంచితనం చూసి వచ్చాడు. ఇలాంటివాళ్ళు ఒంటరిగా ఉన్నవాళ్ళనే వెతుక్కుంటారట."

"చెప్పుతో కొట్టాలి వెధవని" అన్నాడు కౌకో. "దొంగ వెధవ. ఆ ప్రింటర్ బాగుచేసినప్పుడే ఏం దూర్చాడో ఎవడికి తెలుసు!"

నేను రొట్టె తింటున్నాను. లేని మనిషిని తిడితే ఎవరికి నష్టం అనుకున్నాను. ఓయివా తలొంచుకుని కూర్చుంటాడు, డెబియన్ గెలుస్తుంది, అంతా కలిసి ఇంటికెళతాం.

ఓయివా ఇన్కేరి చెయ్యి మెల్లిగా పక్కకు పెట్టి లేచాడు.

"వాణ్ణి ఏమీ అనకండి" అన్నాడు. గొంతు బడిలో పాఠం చెప్పినంత నెమ్మదిగా ఉంది. "వాడు ఏమీ దూర్చలేదు. ఆ ప్రింటర్ పని బంగారంలాంటి పని. వాడు దొంగ కాదు."

"ఇంకా వెనకేసుకొస్తావేంటయ్యా?"

"ఆర్మస్ నేనే."

కౌకో నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. నాకు ముందే తెలుసన్నది అందరికీ ఆ క్షణంలో తెలిసిపోయింది. ఇన్కేరి పళ్ళెం సర్దింది. ఎవరూ అరవలేదు, మావాళ్ళు అరవరు. డెబియన్‌కి చేతులెత్తమంటే ఓయివా కూడా చెయ్యెత్తాడు.

ఆ తరవాత కౌకో నేల చూస్తూ ఒక మాటన్నాడు. రూలు రూలే కాబట్టి, ఓయివా ఇన్నేళ్ళుగా సాక్షిగా వేసిన ముద్రలేవీ ఇక చెల్లవు. క్లబ్బులో సగంమందిమి మళ్ళీ పాస్‌పోర్టులు పట్టుకుని ఎదురెదురుగా కూర్చోవాలి. నా ముద్రకి మొదటి సాక్షి ఓయివాయే.

బయట సగం వాన, సగం మంచు. ఇద్దరం ఒకే భవనానికి కాబట్టి ఒకే దారిన నడవక తప్పలేదు.

"ఎందుకు చెప్పావయ్యా?" అన్నాను. "నీ పేరు బయటికి రాకుండా కాపాడాను కదా!"

"నన్ను కాపాడావు. వాణ్ణి దొంగని చేశావు."

"నేను ఆ మాట అనలేదు."

"వాళ్ళన్నారు. నువ్వు రొట్టె తింటూ కూర్చున్నావు."

"లేని మనిషికి నిందేంటి ఓయివా?"

"నాకున్నాడు" అన్నాడు. "మరి నాకెవరున్నారు, నువ్వే చెప్పు."

ఆర్నెల్లు రాత్రీ పగలూ నేను ఇనారిలో మనిషిని అనుమానించాను, కిందింటి గడ్డపాయనను అనుమానించాను, చెరువు మీది మంచుని కూడా అనుమానించాను. నా నెత్తి మీది గదిలో అడుగుల చప్పుడు ఎప్పుడూ ఒక్క మనిషిదే. రోజూ వింటూనే ఉన్నాను. ఒక్కసారైనా పైకి వెళ్ళి తలుపు కొట్టాలని తోచలేదు. కొట్టిన ఆ ఒక్కసారీ దొంగను పట్టుకోవడానికే. నా మీద నాకే అసహ్యం వేసింది.

మెట్ల దగ్గర అన్నాను, "రేపు పొద్దున కాఫీకి వస్తాను."

ఓయివా తాళంచెవి వెతుక్కుంటూ ఆగాడు. "ఎందుకు?"

"ఊరికే."

నా ముఖంలోకి చూశాడు. నేను ఆర్మస్ కోడు చదివినంత నిదానంగా, ఏ లైనూ వదలకుండా చూశాడు. ఏమీ దొరకలేదనుకుంటాను. అయినా ఆయనకి నమ్మకం కుదరలేదు.

"చూద్దాంలే" అని పైకి వెళ్ళిపోయాడు.